చారల ఓడకు అగోచర పత్రం

పెదరేవు నౌకా స్మృతి మందిరానికి ఆ ఏడాది ఆషాఢంలో ఒక ఉత్తర్వు వచ్చింది. తీరం వెంబడి ఉన్న ప్రతి ప్రదర్శనశాలలోనూ ఒక యుద్ధనౌక నమూనా ఉండాలి, దానికి యుద్ధకాలంలో వేసే మభ్యపెట్టే రంగులు వేయాలి, ఆ రంగులు పనిచేస్తున్నాయని సంబంధిత అధికారి వచ్చి ధ్రువీకరించాలి. ఉత్తర్వు మొత్తం నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు దాన్ని ఎవరెవరికి పంపుతున్నారో తెలియజేశాయి.

మందిరం అధిపతి దండిభొట్ల త్రివిక్రమరావు గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, అరుజిల్లి పోలారావుని పిలిపించారు.

పోలారావు ఓడలు కట్టే యార్డులో ముప్పై ఒక్క ఏళ్ళు నమూనా వడ్రంగిగా చేసి రిటైరైనవాడు. ఇనుప భాగాలు పోత పోసేముందు అచ్చంగా అలాంటిదే చెక్కలో చేసి ఇవ్వడం అతని పని. చెక్కలో వెంట్రుకవాసి తప్పు జరిగితే ఇనుములో అదే తప్పు టన్ను బరువై కూర్చుంటుంది. అందుకని పోలారావుకి తప్పు చేయడం అలవాటు కాలేదు. ఆ అలవాటు లేకపోవడం వల్లనే తర్వాత ఇన్ని అవస్థలు పడ్డాడు.

"ఏ ఓడ చేస్తావోయ్?" అని అడిగారు త్రివిక్రమరావు గారు.

"చారల ఓడండి," అన్నాడు పోలారావు, ఆలోచించకుండానే.

యుద్ధకాలంలో పెదరేవు బయట మూడు రోజులు లంగరు వేసి వెళ్ళిపోయిన పెద్ద ఓడ అది. దాని అసలు పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. పోలారావు తాత తెప్ప మీద వేటకి వెళ్ళి దాన్ని దగ్గరగా చూశాడు. ఒళ్ళంతా నలుపు, తెలుపు, నీలం చారలు, ఎటు పడితే అటు విరిగిపోయి, అద్దం పగిలినట్టు ఉండేవట. "దాని ముక్కెటో తోకెటో తెలీలేదురా! ఇటొస్తందనుకుని తెప్ప తిప్పేసినాను. తీరా సూస్తే అటెల్తంది," అని ఆ తాత పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. పోలారావు దగ్గర ఆ ఓడది ఒక మసక ఫొటో ఉంది. మనసులో మాత్రం ఓడ మొత్తం ఉంది.

పద్నాలుగు నెలలు పట్టింది. వంద అడుగులకి ఒక అడుగు లెక్కన ఏడడుగుల ఓడ. పొట్టంతా గుమ్మడిటేకు పలకలు. తుపాకీ గొట్టాలకి గొడుగు పుల్లలు కోశాడు. కాలిపోయిన మోటారులోంచి రాగితీగ విప్పి మేడల చుట్టూ కంచె అల్లాడు. లంగరు గొలుసుకి భార్య ఎర్రమ్మ తెగిపోయిన కాలిపట్టీని ఇచ్చింది, ఇచ్చాక వారం రోజులు ఆ విషయమే మాట్లాడింది. ఓడ వీధిగది నిండా పరుచుకోవడంతో మొగుడూ పెళ్ళాలు అరుగు మీద పడుకునేవాళ్ళు.

"ఇది రేవు దాటిందాకా మనకి ఇల్లు లేదన్నమాట," అనేది ఎర్రమ్మ. అంటూనే చారల అంచులు చెదరకుండా అంటించే కాగితాలకి గంజి కాచి ఇచ్చేది.

రంగులు వేయడానికే మూడు నెలలు. ఒక చార గీయడం, వీధి చివరికి వెళ్ళి కళ్ళు చికిలించి చూడటం, వెనక్కి వచ్చి చెరిపేయడం. కుడివైపు చార ఎడమవైపు చారతో కలవకూడదు. ముక్కు ఉన్నచోట లేనట్టు, లేనిచోట ఉన్నట్టు కనిపించాలి. చివరి చార ఆరిన రోజున పోలారావు ఓడ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, దీపాలు పెట్టే వేళదాకా చారలే చూశాడు. ఎర్రమ్మ కూడా చేతిలో పని వదిలేసి పక్కన కూర్చుంది. ఆ ఇంట్లో అది విశేషమే.

ఓడని మందిరం హాల్లో గోడవారగా నిలబెట్టారు. తనిఖీకి రాజధాని నుంచి గోచరతా ధ్రువీకరణ అధికారి వేదాంతం గారు వచ్చారు. చేతిలో టేపు, మెడలో ఈల, జేబులో గడియారం. గుమ్మం దగ్గర నుంచి ఓడ దాకా ఇరవై అడుగులు కొలిపించి, సుద్దముక్కతో గీత గీయించి, గీత మీద నిలబడి కళ్ళు మూసుకున్నారు. తెరిచారు.

"కనిపిస్తోంది," అన్నారు.

త్రివిక్రమరావు గారి మొహం వాడిపోయింది. "ఎంతసేపటికి కనిపించింది సార్?"

"తక్షణమే."

పోలారావు రెండడుగులు ముందుకొచ్చాడు. "కనిపించాలండి బావూ. ఏడొందల అడుగుల ఓడని సముద్రం మీద ఏ రంగేసినా దాయలేం. ఈ చారలు దాయడానిక్కాదు. ఎటెల్తందో, ఎంత జోరుమీదెల్తందో అవతలోడికి తెలకుండా సెయ్యడానికి. ఆడు ఓ పక్కకి గురిపెడితే ఇది ఇంకో పక్కనుంటాది."

వేదాంతం గారు ఓపికగా విని, ఫైలు తెరిచారు. "శత్రువు గురి గురించి నిబంధనల్లో ప్రస్తావన లేదు. ఏడో నిబంధన ఏమంటోంది? 'మభ్యవర్ణ లేపనము గావించబడిన వస్తువు ఇరువది అడుగుల దూరము నుండి పరిశీలకునికి గోచరము కారాదు.' నేను పరిశీలకుణ్ణి. ఇది నాకు గోచరమైంది. కాబట్టి రంగు పనిచేయలేదు."

"యుద్ధంలో పన్చేసిందండి!"

"యుద్ధంలో నేను తనిఖీ చేయలేదు కదా," అన్నారు వేదాంతం గారు, చాలా మర్యాదగా.

వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పి వెళ్ళారు. నెల రోజుల్లో మళ్ళీ వస్తారు. రెండోసారి కూడా గోచరమైతే, ఎనిమిదో నిబంధన ప్రకారం నమూనాని ఆవరణలో దగ్ధం చేసి, ధ్వంస నివేదిక మూడు ప్రతులు పంపాలి.

పోలారావు ఇంటికి వచ్చి ముద్ద ముట్టలేదు. సంగతంతా విన్న ఎర్రమ్మ చేపలు తోముతూ అడిగింది.

"ఆల గోడకి ఏ రంగుంది?"

"లేత పసుపు. కింద నడుం దాకా కాఫీరంగు పట్టీ."

"అయితే ఆలకి గోడే సూపించు."

"నా చారల మీద గోడరంగెయ్యమంటావేటే?"

"సున్నప్పూత ఎయ్యి. నీళ్ళోసి కడిగితే పోతాది. కాల్చెత్తామంటంటే పూత పూసుకోడం తప్పేటి? ముందు దాని పేనం దక్కనీ."

మర్నాడు పోలారావు సున్నంలో రంగులు కలిపి బకెట్లతో మందిరానికి వెళ్ళాడు. ఇష్టం లేని పని అయినా సరిగ్గా చేయకుండా ఉండటం అతనికి చేతకాదు. గోడ పసుపుని ఓడ మేడల మీదకి, కాఫీరంగు పట్టీని పొట్ట మీదకి తెచ్చాడు. గోడ మీద వాన కారి ఏర్పడిన చెమ్మ మరకని పొగగొట్టం మీదుగా కొనసాగించాడు. స్విచ్చుబోర్డు నుంచి వేలాడే వైరుని పెద్ద ఫిరంగి మీద నీడతో సహా గీశాడు. ఓడని నిలబెట్టిన దిమ్మలకి కూడా గోడ రంగే. మూడో రోజు ఒక బల్లి గోడ దిగి, ఓడ మేడల మీద నడిచి, మళ్ళీ గోడ ఎక్కి వెళ్ళిపోయింది. దానికి తేడా తెలియలేదు. ఇంత బాగా పనిచేసినందుకు పోలారావు జీవితంలో మొదటిసారి సిగ్గుపడ్డాడు.

వేదాంతం గారు గీత మీద నిలబడి కళ్ళు తెరిచారు. ఏడు నిమిషాలు చూశారు. ఈసారి ఆయన మొహంలో నెమ్మదిగా ఒక వెలుగు వచ్చింది.

"ఏమీ లేదు," అన్నారు. "అద్భుతం."

"నాకు కూడా కనిపించడం లేదు సార్," అన్నారు త్రివిక్రమరావు గారు హడావిడిగా.

"మీరు చేరిన నాటి నుంచీ ఏమీ చూడటం లేదు. అది పరిగణనలోకి రాదు." వేదాంతం గారు కలం తీసి అగోచర పత్రం మీద సంతకం పెట్టబోతూ ఆగి, మూలన నిలబడ్డ పోలారావు వైపు తిరిగారు. "నీకు కనిపిస్తోందా?"

పోలారావుకి అబద్ధం చెప్పాలని తోచలేదు. "నాను సేసిందే కదండి. అగుపిస్తంది."

వేదాంతం గారు కలం మూత పెట్టారు.

"త్రివిక్రమరావు గారూ, ఇది తీవ్రమైన విషయం. నౌక ఎక్కడుందో ఈ వ్యక్తికి తెలుసు."

"చేసింది అతనే కదా సార్."

"అందుకే మరీ ప్రమాదం. రహస్య స్థాన పరిజ్ఞానం కలిగిన వ్యక్తి ఆవరణలో సంచరిస్తుండగా అగోచరత పరిపూర్ణం అని నేను ఎలా ధ్రువీకరించగలను?"

ఆ సాయంత్రమే పత్రమూ, దానితోపాటే ఒక ఉత్తర్వూ వెలువడ్డాయి. అరుజిల్లి పోలారావు అను వ్యక్తి ఇకమీదట మందిరం గేటు దాటి లోపలికి రాకూడదు. గేటు దగ్గర కాపలా ఉండే గున్నయ్య ఆ కాగితాన్ని అతనికి చదివి వినిపించి, చదవడం అయ్యాక, "మరేటనుకోకు పోలారావన్నా," అన్నాడు.

ఆ తర్వాత పెదరేవు పేరు మారుమోగింది. కనిపించని ఓడని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. వచ్చినవాళ్ళు గీత మీద నిలబడి చూసి, పక్కనున్న పుస్తకంలో 'నాకు నౌక కనిపించలేదు' అని రాసి సంతకం పెట్టాలి. ఒక పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు గారైతే, 'ఇరవై నిమిషాలు చూచితిని, ఏమియు కనరాలేదు, జన్మ ధన్యమైనది' అని రాశారు. పొరపాటున ఓడని పసిగట్టినవాళ్ళకి వేరే ఫారం ఉండేది. చూపు ఎప్పటినుంచి ఇలా ఉంది, కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా, విదేశీయులతో పరిచయాలున్నాయా వగైరా పద్దెనిమిది ప్రశ్నలు. ఒక చేపలమ్మే ఆమె, నెత్తిమీద బుట్ట దించుకోవడానికి గోడవారగా ఏదో ఎత్తుగా చేతికి తగిలిందని దాని మీద ఆనించబోయింది. ఆమెకి 'స్పర్శ ద్వారా గోచరత' కింద నోటీసు ఇచ్చారు. "ఓడేటి, నోటీసేటి బావూ, నా పండుగొప్పలు ఎండిపోతన్నాయి," అని ఆమె నోటీసులో చేప చుట్టుకుని వెళ్ళింది.

పోలారావు రోజూ గేటు బయట నిలబడేవాడు. లోపలికి వెళ్ళొచ్చిన ప్రతివాణ్ణీ అడిగేవాడు.

"ఓడ బాగుందా?"

"కనిపించలేదండీ! చాలా బాగుంది," అనేవాళ్ళు వాళ్ళు ఉత్సాహంగా.

తుపాను వానలు పట్టాక అతని ప్రాణం నిలవలేదు. ఆ గోడకి చెమ్మ ఉంది. చెమ్మ తగిలితే పలకలు ఉబ్బుతాయి, ఉబ్బితే అతుకులు విడుస్తాయి. కనీసం పొడిగుడ్డతో తుడవమని గున్నయ్యతో లోపలికి కబురు పంపాడు. ఊడ్చేవాళ్ళు ఒప్పుకోలేదు. కనిపించనిదాన్ని తుడిస్తే, అది ఎలా కనిపించిందని మెమో ఇస్తారు. అప్పుడు పోలారావు తానే అర్జీ పెట్టుకున్నాడు. వారంలో సమాధానం వచ్చింది: 'అగోచరముగా ధ్రువీకరింపబడిన వస్తువునకు చెమ్మ తగులుచున్నట్లు మీకు ఏ విధముగా గోచరించినదో మూడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

పోలారావు ఆ కాగితం పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. "అది లోపల కుళ్ళిపోతందే," అన్నాడు. ఎర్రమ్మ అతని పక్కన కూర్చుంది. ఈసారి ఆమె దగ్గర కూడా ఉపాయం లేదు.

ఉపాయం రాజధాని నుంచే వచ్చింది. పెదరేవు కీర్తి చూసి మిగతా ప్రదర్శనశాలలు కూడా తమ తమ నౌకలని పరీక్షకి పెట్టాయి. తీరం వెంబడి పన్నెండు మందిరాల నుంచి 'మా నౌక సిద్ధముగా నున్నది' అని ఒకే వారంలో ఉత్తరాలు వచ్చాయి. పెదరేవులో పద్నాలుగు నెలలు పట్టిన పని వాళ్ళు ఐదు రోజుల్లో ఎలా చేశారని ఎవరూ అడగలేదు. అడగడానికి కనిపించాలి కదా. శాఖ వారు ఉత్సాహపడి అగోచర నౌకల పోటీ ప్రకటించారు. వేదాంతం గారి అధ్యక్షతన ముగ్గురు సభ్యుల సంఘం బయలుదేరి, గోడ తర్వాత గోడని చూసుకుంటూ, చివరికి పెదరేవు వచ్చింది.

ఫలితం విన్న త్రివిక్రమరావు గారు కుర్చీలో కూలబడ్డారు. పదమూడింటిలో పెదరేవు పదమూడవది.

"సార్, మొదట పత్రం వచ్చింది మాకే కదా!"

"నిజమే," అన్నారు వేదాంతం గారు బాధగా. "కానీ ప్రమాణాలు పెరిగాయి. మిగతా పన్నెండు చోట్లా నౌక లేదు, నీడ కూడా లేదు. చేత్తో తడిమి చూసినా తగల్లేదు. మీ దగ్గర నాలుగు గంటల ఎండకి గోడ మీద నీడ పడింది. పైగా మా సభ్యుల్లో ఒకరికి మోకాలికి దెబ్బ తగిలింది."

"మరి మా నమూనాలో లోపం ఏమిటంటారు సార్?"

"నౌక."

"సార్?"

"మీ నమూనాలో నౌక ఉంది. మిగతావారు ఆ దశ దాటారు."

మళ్ళీ పరీక్షకి అవకాశం ఇచ్చారు. ఈలోగా, శనివారం మధ్యాహ్నంలోపు, హాలుని ప్రమాణాలకి తగినట్టు సవరించుకోవాలి. శుక్రవారం పోలారావుకి మెమో వచ్చింది. అతను దాన్ని వీధిలో నిలబడి చదివాడు, మళ్ళీ చదివాడు.

"ఏటంట?" అంది ఎర్రమ్మ.

"ఓడ అడ్డుగా ఉందంట. అట్టుకుపొమ్మన్నారు."

ఎర్రమ్మ మారుమాట లేకుండా తోపుడు బండి బాడుగకి మాట్లాడటానికి వెళ్ళింది.

శనివారం పొద్దున్న గున్నయ్య ఇద్దరినీ లోపలికి వదిలాడు. పోలారావు ఓడని కుళాయి దగ్గరికి తెచ్చి నీళ్ళు పోశాడు. పసుపు కారిపోయింది, కాఫీరంగు కారిపోయింది. చారలు ఒక్కటొక్కటిగా బయటికి వచ్చాయి. కింద పొట్ట దగ్గర ఒక అతుకు వేలెడు పొడవున విడిచింది. అతను ఆ చీలిక మీద బొటనవేలు పెట్టి, బిడ్డకి జ్వరం చూసినట్టు చూశాడు. పూతంతా పోయాక తడి తుడిచి, ఇద్దరూ చెరోవైపు పట్టి ఓడని బండెక్కించారు.

గేటు దగ్గర చిక్కొచ్చింది. వస్తువు బయటికి పోవాలంటే గేటు పాసు ఉండాలి. గుమాస్తా ఇవ్వనన్నాడు. అగోచర వస్తువుకి పాసు రాస్తే, దాన్ని చూసి రాశావా చూడకుండా రాశావా అని అడుగుతారు, ఏది చెప్పినా ఉద్యోగం పోతుంది. గున్నయ్య తల గోక్కుని, రిజిస్టరు తెరిచి, ఏడడుగుల యుద్ధనౌక వైపు ఒకసారి చూసి రాశాడు: 'తోపుడు బండి ఒకటి. ఖాళీ.'

అప్పుడే త్రివిక్రమరావు గారు మెట్ల మీదకి వచ్చారు. ఎండ ఓడ మీద పడుతోంది. నలుపు, తెలుపు, నీలం చారలు ఒకదాన్నొకటి నరుక్కుంటూ మెరుస్తున్నాయి. ఆయన నిలబడిపోయారు. కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమిటది?"

"ఖాళీ బండండి," అన్నాడు పోలారావు.

ఆయన ఒక మెట్టు దిగి చూశారు. "చాలా బాగుందోయ్," అన్నారు. తర్వాత గుమాస్తా వింటున్నాడని గుర్తొచ్చి, "బండి," అన్నారు.

ఆ మధ్యాహ్నం వేదాంతం గారు హాలుని మళ్ళీ పరీక్షించి, నూటికి నూరు మార్కులు వేశారు. ఈసారి నిజంగానే ఏమీ లేదు కనుక మూడు నిమిషాలే చూశారు.

బండి నేరుగా ఇంటికి పోవాలి. కానీ ఇంటికి దారి చేపల రేవు మీదుగా ఉంది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చారు. ఓడ చుట్టూ తిరిగారు, వంగి చూశారు, ఒకడు ఫిరంగి గొట్టాన్ని వేలితో మెల్లగా తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అందరికంటే వెనక వచ్చినవాడు గరికిన దాసయ్య, ఆ రేవులో పడవలు బాగుచేసే ముసలాయన. అతను అట్టే మెచ్చుకోలేదు. పొట్ట కింద చెయ్యి పెట్టి వంపు చూసి, ఒకే ప్రశ్న అడిగాడు.

"తేల్తాదా?"

పోలారావు ఓడ అడుగుకేసి వంగి చూశాడు. ఈ ఓడ గురించి ఏడాదిన్నరగా పెద్దపెద్దవాళ్ళు రకరకాల ప్రశ్నలు అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నిజానికి అతను కూడా అడుక్కోలేదు.

"గాజుపెట్టిలో పెట్టడానికి సేసినాను మామా," అన్నాడు చివరికి. "పైగా అతుకొకటి ఇడిసింది."

"ఓడని సేసి నీట్లో ఎట్టకపోతే అదేటోడరా?" అని దాసయ్య తన పాకలోకి పోయి, పడవల అతుకులకి పెట్టే దూది, కాచిన గుగ్గిలం తెచ్చాడు. చీలికలో దూది కూరి, గుగ్గిలం పూసి, ఊదాడు.

పోలారావు బండి పిడి వదల్లేదు. "మునిగిపోతే?" అన్నాడు ఎర్రమ్మతో, మెల్లగా.

"మునిగితే తీత్తాం. ముందు దించు," అంది ఎర్రమ్మ.

నలుగురు పట్టుకుని మెట్ల మీంచి నీళ్ళలోకి దింపారు. పోలారావు నడుం లోతు నీళ్ళలో నిలబడి రెండు చేతులూ ఓడ కింద ఉంచాడు. ఓడ ఎడమవైపుకి ఒరిగింది. గుంపులో ఎవరో "అయ్యో" అన్నారు. ఎర్రమ్మ పరుగున పోయి వల అంచుకి కట్టే సీసం గుళ్ళు చీరచెంగులో పోసుకుని తెచ్చింది. పోలారావు పైమేడ మూత తీసి, గుళ్ళని ఒకటొకటిగా కుడిపక్కకి సర్దాడు. ఓడ కొంచెం లేచింది. ఇంకో రెండు. తిన్నగా నిలబడింది. అతను చేతులు తీయలేదు.

"ఒగ్గీరా," అన్నాడు దాసయ్య గట్టు మీంచి.

పోలారావు చేతులు తీశాడు. ఒక చిన్న అల వచ్చి ఓడ ముక్కుని తాకింది. ముక్కు లేచి, దిగి, ముందుకి కదిలింది.

"తేలిందిరోయ్!" అని రేవు రేవంతా అరిచింది.

పోలారావు నీళ్ళలోనే నిలబడి మొహం తుడుచుకున్నాడు. ఆ ఓడ మీద రెండు తనిఖీలు, ఒక పోటీ, బోలెడన్ని మెమోలు నడిచాయి. ఇన్నాళ్ళకి ఏదో ఒకటి తేలింది.